నడుమ ఫంకాలో నీలం ముక్క

పెద్దమ్మ పోయిందని ఆవిడ కోడలు ఫోన్ చేసినప్పుడు నేను పొయ్యి మీంచి పాలగిన్నె దించుతున్నాను. మసిగుడ్డ చేతిలో ఉండగానే ఫోన్ ఎత్తాను.

"అత్తమ్మ పోయింది అక్కా. పొద్దుగాల చాయ్ తాగింది, మంచిగనే మాట్లాడింది, మిషన్ కాడ కూసున్నది. నేను మిద్దె మీద బట్టలారేసి వచ్చెతాళ్లకు మిషన్ మీదనే తల వెట్టుకున్నది. నిద్రవట్టిందేమో అనుకున్న" అంది. ఆ తర్వాత ఏడుపే.

"వస్తున్నాం" అన్నాను. స్టవ్ కట్టేసి, మసిగుడ్డ మేకుకి తగిలించి, చీర మార్చుకున్నాను.

ఇది చదువుతున్న వాళ్లలో పెద్దమ్మని ఎరిగినవాళ్లు ఉండే అవకాశం లేదు. తుక్కుగూడలో మా పాత వీధి దాటితే ఆవిడ ఎవరో ఎవరికీ తెలీదు. నాకు ఆవిడ చుట్టం కూడా కాదు. మావారికి ఎయిర్‌పోర్టులో షిఫ్టు ఉద్యోగం వచ్చినప్పుడు బాపట్ల వైపు నుంచి వచ్చి, మేము అద్దెకి దిగిన ఇంటి యజమానురాలు. కింద వాళ్లు, పైన మేము. అందరూ పెద్దమ్మ అంటుంటే నేనూ పెద్దమ్మ అన్నాను. అలా చాలా ఏళ్లు గడిచాయి.

ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. ఆవిడ వరండాలో కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. కళ్లజోడుకి తాడు కట్టి మెళ్లో వేసుకుంది. మావారు అద్దె సంగతి ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టి, "కిరాయి ముచ్చట నా కొడుకుతోటి మాట్లాడుండ్రి" అని, నా వైపు తిరిగి, "నువ్వు ఒక్కటి చెప్పు బిడ్డ. మీ ఇంట్ల పాత నూలు చీరలున్నయా?" అంది.

ఉన్నాయన్నాను.

"కట్టి కట్టి మెత్తవడ్డయేనా, పెట్టెల దాచినయా?"

"కట్టినవేనండి."

"అయితే ఇల్లు మీదే. గని జర ఆ 'అండి' తగ్గియ్యి, నాకు దవాఖానల డాక్టరుతోటి మాట్లాడినట్టున్నది."

ఇల్లు అలా దొరికింది. ఆవిడ బొంతలు కుట్టేది. మా వైపు బొంత అంటే పాతచీరలు పొరలు పొరలుగా పరిచి, నలుగురు కూర్చుని పెద్దసూదితో నిలువునా కుట్టేసుకుంటూ పోవడమే. పెద్దమ్మ బొంత అలాంటిది కాదు. పైపొర అంతా మూడుమూలల ముక్కలతో అతుకుతుంది. ఆ ముక్కల్ని ఆవిడ సమోసాలు అనేది. ఒక లేత రంగు సమోసా, ఒక ముదురు రంగు సమోసా, పొడుగు అంచు వెంబడి కలిపి కుడితే రెండురంగుల చదరం వస్తుంది. అలాంటి చదరాలు నాలుగు సరిగ్గా తిప్పి జోడిస్తే, జాతరలో పిల్లలు కొనుక్కునే కాగితపు గాలిమర లాంటి బొమ్మ తేలుతుంది. దాన్ని ఫంకా అనేది. ఫంకాలన్నీ వరసలుగా కలిపి, కింద ఒక పాతచీర వేసి కుడితే బొంత. ఇది ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే ఒకసారి అత్త దగ్గరంది, ఒకసారి మేనత్త దగ్గరంది, ఇంకోసారి "నువ్వు పోలీసువా" అంది.

పసిపిల్లలకే కుట్టేది, పెద్దవాళ్లకి కాదు. ఎవరింట్లో కడుపుతో ఉన్నా చుట్టుపక్కల ఇళ్లన్నిటి నుంచీ తలా ఒక పాతగుడ్డ అడిగి తెచ్చేది. ఏ ఇంటి గుడ్డ ఉంటే ఆ ఇంటి గడప ఆ పిల్లకి తెలిసినట్టే అని ఆవిడ లెక్క. మావారి లుంగీలు ఎంతమంది పిల్లల కింద ఉన్నాయో నాకు తెలీదు. వీధిలో సగం మంది ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లే కాబట్టి యూనిఫాం చొక్కాలూ వచ్చేవి. వాటిని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది నూలు గాదు, ప్లాస్టిక్. పిల్లకు చెమటలు వోస్తయి" అని వెనక్కిచ్చేసేది. ఇచ్చినవాళ్ల మొహం ఎలా ఉందో చూసేది కాదు.

పెద్దమ్మ మంచి మనిషే కానీ తియ్యటి మనిషి కాదు. ట్యాంకులో నీళ్లు పొంగితే పైకి వినపడేలా తిట్టేది. మేడమీద వడియాలు పెట్టుకుంటే ఆవిడ గుడ్డలకి చోటు లేదని పక్కకి జరిపేది. పోయిందని ఇవన్నీ దాచిపెట్టి రాస్తే అది వేరే ఎవరి గురించో రాసినట్టు అవుతుంది.

ఇంకో అలవాటు చెప్పాలి. మా ఇంటి మీదుగా విమానాలు బాగా కిందికి దిగుతూ వెళ్లేవి. ఆ రొదలో మాట వినపడదు. కొత్తలో నేను గొంతు పెంచి అరిచేదాన్ని. పెద్దమ్మ అరిచేది కాదు. మాట సగంలో ఉన్నా అక్కడే ఆపేసి, నోరు కొంచెం తెరిచే ఉంచి, విమానం పోయేదాకా చూసి, ఆగిన మాట దగ్గరే అందుకునేది. "ఆ వంకాయలు పుచ్చు—" అని ఆగి, రొద తగ్గాక "—లున్నయి, చూసి కొయ్యి" అనేది.

ఖాళీగా కూర్చున్నానని నన్ను కూడా మిషన్ దగ్గరికి లాగింది. కొలతకి ఒక అట్టముక్క ఇచ్చింది. గుడ్డకి ముందు గంజి పెట్టి, ఎండబెట్టి, ఇస్త్రీ చేయాలి. అప్పుడు అట్ట పెట్టి చదరం కోయాలి, మూలకి మూల మడిచి ఆ మడత మీద మళ్లీ కోయాలి. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది. తంటా అంతా ఆ ఏటవాలు అంచు దగ్గరే. అడ్డంగానో నిలువుగానో కోసిన గుడ్డ చెప్పిన మాట వింటుంది. మూలకి కోసింది వినదు, కొంచెం చెయ్యి తగిలితే చాలు సాగుతుంది. నేను రెండు అంచులు సమానంగా రాలేదని ఒకదాన్ని లాగి, రెండోదానికి సరిపెట్టి కుట్టేశాను. ఫంకా పూర్తయ్యాక కింద పరిస్తే పరుచుకోలేదు. నడుమ బుడిపెలా లేచి నిలబడింది.

పెద్దమ్మ దాన్ని తీసి నా నెత్తిన పెట్టింది. "ఇది ఫంకా గాదు, టోపీ" అంది. కోడలు లోపల్నుంచి వచ్చి చూసి నవ్వలేక చచ్చింది.

"గుంజకు బిడ్డ. అది గుడ్డ, బర్రె పలుపు గాదు. రెండు కొసలు కలుపు, నడుమ ఏమొస్తదో అదే రానియ్యి. ఇగ ఇప్పు."

మొత్తం విప్పించింది. ఆ తర్వాత ఎన్ని కుట్టినా, మిషన్ ముందు కూర్చోగానే నా చెయ్యి గుడ్డని లాగబోయేది, వెనకనుంచి "గుంజకు" అని వినపడేది. ఇప్పటికీ చపాతీ పిండి సాగదీస్తున్నా వినపడుతుంది.

ఆవిడకి కొన్ని పట్టింపులు ఉండేవి. అందులో ఒకటి, పోయినవాళ్ల గుడ్డ పసిపిల్లల బొంతలో కలపకూడదు. పక్క వీధిలో ఒక టీచరమ్మ ఉండేది. కూతురికి బిడ్డ పుట్టబోతుంటే, పోయిన తన తండ్రి చొక్కా తెచ్చింది. అచ్చమైన నూలు, ఉతికి మడత పెట్టింది. పెద్దమ్మ ముట్టుకోలేదు.

"ఎప్పుడిచ్చిండమ్మా నీకు?"

"ఇవ్వలేదు పెద్దమ్మా. పోయినంక పెట్టెల నుంచి నేనే తీస్కున్న."

"అయితే వద్దు. అడగకుంట తీసుకున్నట్టు. ఆయన బతికుండంగ చేతితోటి ఇచ్చింది ఏదన్న ఉన్నదా? ఏదన్న సరే."

టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నాకు పెద్దమ్మ మీద కోపమొచ్చింది, ఇంత పట్టుదల దేనికని. సాయంత్రానికి టీచరమ్మ ఒక కండువా పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. ఎప్పుడో ఆ తండ్రి ఊరినుంచి చిక్కుడుకాయలు మూట కట్టి తెచ్చిన కండువా. కాయలు పోసుకుని గుడ్డ ఇంట్లోనే ఉండిపోయింది. పెద్దమ్మ దాన్ని తీసుకుని వాసన చూసి, "ఇది మంచిగున్నది. బతికుండంగ ఇచ్చింది బతికున్నోళ్లదే" అని అప్పుడే గంజిలో వేసింది.

రెండో పట్టింపు మా వైపూ ఉన్నదే. పిల్ల పుట్టకముందు పక్క సిద్ధం చేయకూడదు. కాబట్టి బొంత ఎప్పుడూ పూర్తి చేసేది కాదు. ఫంకాలన్నీ కుట్టేసి, నడుమ వచ్చే ఫంకాలో ఒక్క సమోసా ఖాళీ వదిలేది. కాన్పు అయిందని కబురు రాగానే లోపలికి వెళ్లి, కట్టుకున్న చీర మార్చుకుని వచ్చి, ఆ విడిచిన చీర లోపలి చెంగు నుంచి ఒక ముక్క కోసి అక్కడ అతికేది. అందుకే పెద్దమ్మ చీరలన్నీ కొంచెం పొట్టిగా ఉండేవి. కుచ్చిళ్లు తగ్గిపోతున్నాయని కోడలు సణిగితే, "నా నడుము గూడ తగ్గుతున్నది గద" అనేది.

కుట్టడం అయ్యాక కూడా అది బొంత అని ఒప్పుకునేది కాదు. "పిల్ల తడిపినంకనే బొంత. అంతదాంక గుడ్డే" అనేది. ఇచ్చిన నాలుగైదు రోజులకి వెళ్లి "తడిపిందా?" అని అడిగి వచ్చేది. కొత్తవాళ్లు ఏం అడుగుతోందో అర్థంకాక బిత్తరపోయేవాళ్లు.

మేము బడంగ్‌పేటలో సొంత ఫ్లాటు కొనుక్కుని తుక్కుగూడ ఖాళీ చేసిన రోజు, సామాన్ల ఆటో కదిలే ముందు పెద్దమ్మ గిన్నె లోపల అద్ది కాల్చే బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి, అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెతో సహా తెచ్చింది. గిన్నె పట్టుకోలేనంత వేడిగా ఉంది. తన నీలం గళ్ల నేతచీర ఒకటి చివర్లు చిరిగితే, దాంట్లోంచి మూరెడు గుడ్డ పర్రున చింపి గిన్నెకి చుట్టి నా చేతుల్లో పెట్టింది. "అక్కడ గ్యాసు బిగిచ్చుకునేసరికి పొద్దుగూకుతది. ఆకలికుండకుండ్రి" అంది. అంతకుమించి వీడ్కోలు ఏమీ లేదు. వెనక్కి తిరిగి లోపలికి పోయింది.

గిన్నె తిరిగిచ్చేశాను. గుడ్డ మాత్రం మా వంటింట్లో మేకుకి చేరింది. మెత్తటి మందపు నేత, వేడి చేతికి అంటనివ్వదు. ఒకసారి పెద్దమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు దాన్ని చూసింది. నాకు కొంచెం బెరుకేసింది. ఆవిడ మాత్రం దాన్ని మేకు నుంచి తీసి, మసి చూసి, మళ్లీ తగిలించి, "నా చీరకు మీ ఇంట్ల మంచి కొలువే దొరికింది" అని నవ్వింది.

ఇల్లు మారినా ఆదివారాలు వెళ్లేదాన్ని. ఈ మధ్య నెలల్లో పని ఎక్కువగానే ఉంది, ఎందుకంటే ఈసారి కడుపుతో ఉన్నది పెద్దమ్మ సొంత మనవరాలు. కొడుకు కూతురు, మొదటి కాన్పు, పుట్టింటికి వచ్చి ఉంది. పెద్దమ్మకి చూపు సరిగా ఆనడంలేదు. సూదిలో దారం నేను ఎక్కించి ఇస్తే తను తొక్కేది. ఈ పిల్ల బొంతకి ఊరు ఊరంతా తిరిగి గుడ్డ తెచ్చింది. పాత కిరాయిదార్ల ఇళ్లకి కూడా కబురుపెట్టింది.

"దీని బిడ్డను చూసినంకనే నేను పోత" అని మిషన్ తొక్కుతూ చాలాసార్లు అంది. ఎవరినో బెదిరిస్తున్నట్టుగా అనేది. చూడకుండానే పోయింది.

దినాలన్నీ అయ్యాక కోడలు రమ్మంటే వెళ్లాను. వరండాలో మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. కోడలు లోపల్నుంచి బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. ఫంకాలన్నీ కుట్టి, వరస తప్పకుండా మడతపెట్టి ఉన్నాయి. నడుమ ఫంకా పైన ఉంది. అందులో ఒక సమోసా లేదు. పన్ను ఊడిన నోరులా ఉంది.

మనవరాలు గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. "నాయినమ్మది లేకుంటే నాకీ బొంతనే వద్దు" అంది. ఈ మాట అప్పటికే చాలాసార్లు అన్నట్టుంది, ఎవరూ కొత్తగా వినలేదు.

"పెట్టెల చీరలున్నయి అక్కా" అంది కోడలు నాతో. "కొయ్యాల్నంటే నిమిషం పని. గని ఎట్ల కోస్త? ఎవ్వరొచ్చినా ఆమె వద్దన్నది. టీచరమ్మను ఏడిపిచ్చి పంపింది. ఆమె మాట ఆమె మీదనే తప్పాల్నా?"

"మీకు ఎప్పుడూ ఇవ్వలేదా? తను కట్టిన చీర?"

"పండుగకు కొత్త చీర వెట్టింది, ఎన్నడూ తక్కువ చెయ్యలే. కట్టినయి మాత్రం ఇయ్యలే. కట్టినయన్నీ బొంతల కిందికే పాయె. ఇప్పుడు వేరే పిల్లల బొంత ఇప్పుతమా?"

"నా చిన్నప్పటి బొంత ఏమైంది?" అంది మనవరాలు. "దాంట్ల నాయినమ్మ ముక్క ఉంటది గద?"

కోడలు మొహంలో అన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది. "ఉండె. నువ్వు బడికి పొయ్యేదాంక ఈడ్చుకుంట తిరిగితివి. చీకిపోయినంక మీ నాయిన బండి తుడుచుకున్నడు. ఇప్పుడు యాడున్నదో."

బండి తుడిచే గుడ్డ అనగానే నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది. ఆ మేకు గుర్తొచ్చింది. పెద్దమ్మ పోయిందని విన్న నిమిషంలో నా చేతిలో ఉన్నది ఏమిటో అప్పుడు తెలిసింది.

"నా దగ్గరుంది" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. సర్వపిండి గిన్నె సంగతి చెప్పాను. మసిగుడ్డగా వాడుతున్నానన్న మాట దగ్గర కొంచెం నసిగాను.

కోడలు ఒకటే అడిగింది. "చేతితోటి ఇచ్చిందా?"

"వేడి గిన్నెతో సహా నా రెండు చేతుల్లో పెట్టింది."

మనవరాలు గోడ నుంచి వెన్ను తీసి నిటారుగా కూర్చుంది. "మసిగుడ్డయితే ఏంది?" అంది.

ఇంటికి వచ్చి మేకు మీంచి దాన్ని దించాను. ఒకపక్క మాడి చిల్లులు పడింది, రెండోపక్క నూనె జిడ్డు. గళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. సబ్బునీళ్లలో నానేశాను, ఉడికించాను, నిమ్మచెక్క రుద్దాను. మసి పోయింది, పసుపు మరక పోలేదు. గంజి పెట్టి ఎండేసి ఇస్త్రీ చేస్తుంటే మావారు వచ్చి చూసి, "మసిగుడ్డకి ఇస్త్రీ ఏంటి? దాన్ని కూడా పెళ్లికి తీసుకెళ్తావా?" అన్నారు. నేను తల వంచుకుని గుడ్డ అంచు సరిచేసుకున్నాను. ఆయనకి ఏదో అర్థమై, ఇస్త్రీపెట్టె వైరు కాళ్లకి తగలకుండా పక్కకి జరిపి వెళ్లిపోయారు.

పిల్ల పుట్టిన కబురు రాకుండా కత్తెర పెట్టకూడదు కనుక గుడ్డని అలాగే మడిచి దాచాను. పాలు దించడానికి వేరే గుడ్డ పెట్టుకున్నాను. దాంతో చెయ్యి కాలుతూనే ఉంది.

ఆడపిల్ల పుట్టింది. ఆ పూటే తుక్కుగూడ వెళ్లాను. కోడలు దవాఖాన నుంచి అప్పుడే వచ్చి స్నానం చేసి ఉంది. మిషన్ మీద దుప్పటి తీసింది. నేను చిల్లుల్లేని మూల చూసి, అట్టముక్క పెట్టి చదరం కోశాను. మూలకి మూల మడిచి మళ్లీ కోశాను. నీలం గళ్ల సమోసా చేతిలోకి వచ్చింది. దాని చివర పసుపు మరక.

కోడలు వేలితో రాసి చూసి, "ఇదేంది?" అంది.

"పసుపు. ఎంత రుద్దినా పోలేదు."

"ఉండనియ్యి. పసుపు మంచిదే గద."

ఎవరు కుట్టాలన్న మాట రాలేదు. కోడలు మిషన్ ముందు కూర్చుంది, నేను దారం ఎక్కించాను. ఏటవాలు అంచు సూది కిందికి వస్తుంటే ఇద్దరి నోటినుంచీ ఒకేసారి "గుంజకు" అని వచ్చింది. కోడలు నాతో అందో, నేను కోడలితో అన్నానో తెలీదు. ఆమె లాగబోయిన చెయ్యి తీసేసి, రెండు కొసలూ కలిపి పెట్టింది. తర్వాత మళ్లీ తొక్కింది. ఫంకా తీసి నేలమీద పరిస్తే ఎక్కడా లేవలేదు. నేలకి అంటుకుని కూర్చుంది.

పిల్ల ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్లాను. బొంత మీద పడుకోబెట్టారు. నీలం ముక్క సరిగ్గా నడుము కింద ఉంది. నేను ఇంకా చాయ్ పూర్తిగా తాగకముందే పిల్ల కాళ్లు ముడిచి ఒక్కసారి మూలిగింది. తల్లి ఒంగి చూసి, "అమ్మా, తడిపింది" అని అరిచింది. పెద్దమ్మ వేసే ప్రశ్న ఈసారి ఎవరూ వేయకముందే జవాబు వచ్చేసింది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్లింది. నేను కూడా ఏడ్చాను. ఎందుకు దాచాలి.

బొంతని ఉతికి పైకి తీసుకెళ్లి, ఇద్దరం చెరో కొసా పట్టుకుని దండెం మీద వేశాం. నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. కోడలు సాయంత్రం ఉండిపొమ్మని, సర్వపిండి చేస్తానని చెబుతోంది. "బియ్యప్పిండి పట్టిచ్చి—" అంటుండగా తలమీదికి విమానం వచ్చింది. ఆమె ఆగిపోయింది. నోరు కొంచెం తెరిచే ఉంచి, పైకి చూస్తూ నిలబడింది. గాలికి బొంత కొంచెం లేచి దిగింది. రొద ఎయిర్‌పోర్టు వైపు పూర్తిగా తగ్గిపోయేదాకా ఆగి, "—తెచ్చిన, నువ్వు ఊకెనే కూసో" అంది.